ఉద్దానపు నీరు – రాజ్యధర్మము

విశాఖపట్టణము నుండి హౌరా వైపు పోవు రైలు నౌపడ కూడలి దాటి పలాసను సమీపించు వేళకు కిటికీ వెలుపలి లోకము మారిపోవును. ఎడమ దిక్కున మహేంద్రగిరి కొండల వరుస. కుడి దిక్కున సముద్రము కంటికి కనుపింపకున్నను దాని గాలి ముఖమునకు తగులుచుండును. నడుమ నున్నదంతయు పచ్చదనమే. కొబ్బరి తోటలు, జీడిమామిడి తోపులు, పనసచెట్లు, వాటి నీడలో ఇండ్లు. ఈ పచ్చదనమును బట్టియే, ఉద్యానమను మాట నుండి, ఈ సీమకు ఉద్దానమను పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురము మండలములలో పరచుకొని యున్న సీమ ఇది.

ఇంత పచ్చని సీమలో ఇంటింట ఒక భయము కాపురమున్నది. అది మూత్రపిండముల వ్యాధి. ఇక్కడి వారు దానిని కిడ్నీ రోగమనియే అందురు. వృద్ధులకు వచ్చుట ఎక్కడనైనను వింత కాదు. మధుమేహము, రక్తపుపోటు ఉన్నవారికి వచ్చుటయు వైద్యులకు తెలిసినదే. ఉద్దానములో ఆ రెండును లేని వారికి, తోటపని చేసి కండలు తిరిగిన వారికి కూడ వచ్చుచున్నది. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనమున 2,210 మందిని పరీక్షింపగా సుమారు నూటికి 18 మందిలో ఈ వ్యాధి లక్షణములు కనిపించినవి. వారిలో నాలుగింట మూడు వంతుల మందికి ఏ కారణము చేత వచ్చినదో తేలలేదు. వైద్యశాస్త్రము దీనికి కారణము తెలియని దీర్ఘకాల మూత్రపిండ వ్యాధి యని పేరు పెట్టినది. పేరులోనే ఒప్పుకోలు ఉన్న వ్యాధి ఇది.

ఈనాడు ఈ వ్యాధిని గూర్చి వైద్యుల వలె ముచ్చటింప బూనలేదు. ఆ పని వారిది. ఒక సీమకు సీమ ఇట్టి కష్టములో పడినప్పుడు ప్రభుత్వము చేయవలసినదేమి, సమాజము అడుగవలసినదేమి అను ప్రశ్న మా విషయము. ఆ ప్రశ్నకు జవాబు వెదకుటలో మేము ఉద్దానము నుండి కెనడా దేశము వరకు పోయి తిరిగి రాదలచినాము. ఇంత దూరపు దేశము ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. ఆ కారణము చెప్పుటకు ముందు మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసి యున్నది.

ఆరోగ్య ప్రసంగములలో మేము ఏండ్ల తరబడి ఒక మాట చెప్పుచు వచ్చినాము. కాచి, వడగట్టి, చల్లార్చిన నీటినే త్రాగుడు అని. మంచి మాటయే. కలరా, టైఫాయిడు వంటి అంటురోగములకు అది రక్ష. కొన్నాళ్ల క్రిందట కవిటి వైపు ఒక పల్లెలో మేము ఇదే మాట చెప్పగా, బావి గట్టున బిందె దించిన ఒక ముసలమ్మ మా ముఖము వంక చూచి, "కాస్తే సూక్ష్మజీవులు సస్తాయి బావూ, నీటిలో కరిగిపోయినది సస్తాదా?" అని అడిగినది. మాకు నోట మాట రాలేదు. నీటిలో కరిగిన లవణములు, లోహములు కాచినందున పోవు. నీరు ఆవిరియై తగ్గుటచేత అవి మరికొంత చిక్కబడును. అక్షరము రాని ఆమెకు ఆ సంగతి తెలిసియున్నది. విశ్వవిద్యాలయములో చదివిన మాకు అది ఆ క్షణమున తోచలేదు.

ఆ రోజు మాకు బోధపడినది ఇది. మేము ఇన్నాళ్లు ప్రజలకు సలహా చెప్పితిమి. వారు అడుగుచున్నది సలహా కాదు, నీరు. నీటిని కాచుట గృహిణి పని. కాచినను బాగుపడని నీటికి బదులు మరొక నీటిని తెచ్చుట గృహిణి వలన అగునా? అది రాజ్యము చేయవలసిన పని. ఏది ఇంటి కర్తవ్యము, ఏది రాజ్య కర్తవ్యము అను విభజన దగ్గరనే సామాజిక న్యాయమను మాటకు అర్థము మొదలగును.

ఇక కెనడా సంగతి.

కెనడా యనగానే మనవారికి స్ఫురించునది సంపద, శుభ్రత, ఉచిత వైద్యము. ఈ మూడింటిలో మూడవది ఆ దేశమునకు ఆకాశము నుండి ఊడిపడలేదు. దాని వెనుక ఒక బాలుని కాలి కథ యున్నది. స్కాట్లండులో 1904లో పుట్టిన టామీ డగ్లస్ అను బాలుడు తలిదండ్రులతో కెనడాలోని విన్నిపెగ్ నగరమునకు వచ్చినాడు. మోకాలి ఎముకకు చీము పట్టి కాలు తీసివేయవలసిన స్థితి వచ్చినది. మంచి శస్త్రవైద్యుని పిలుచుటకు ఆ ఇంట డబ్బు లేదు. అదృష్టవశమున ఒక పేరుపొందిన వైద్యుడు, తన విద్యార్థులు చూచి నేర్చుకొనుటకు అనుమతించినచో రుసుము లేకయే చికిత్స చేయుదునన్నాడు. కాలు దక్కినది. పెద్దవాడై ఆ బాలుడు తలపోసినది ఏమనగా, తన కాలు దక్కుట న్యాయము వలన కాదు, ఒక మంచివాని దయ వలన. ఆ వైద్యుడు ఆ దారిన రాకపోయినచో? వైద్యము దయకు విడిచిపెట్టదగినది కాదు, అది పౌరుని హక్కు కావలెను అని అతడు నిశ్చయించుకొన్నాడు.

డగ్లస్ 1944లో సస్కాచివాన్ రాష్ట్రమునకు ముఖ్యమంత్రి యైనాడు. అది మన కోనసీమ వంటి సంపన్న సీమ కాదు. గోధుమ పండించు మెట్టనేల, కరవు చూచిన నేల. అక్కడ 1947లో ఆసుపత్రి ఖర్చులకు ప్రభుత్వ బీమా వచ్చినది. వైద్యుని రుసుమునకు కూడ బీమా 1962 జూలై 1న అమలులోనికి వచ్చినది. అప్పటికి డగ్లస్ జాతీయ రాజకీయములకు వెళ్లగా, ఉడ్రో లాయిడ్ ముఖ్యమంత్రిగా నుండెను. ఆ రోజుననే వైద్యులలో అధికసంఖ్యాకులు సమ్మె కట్టినారు. సమ్మె 23 దినములు సాగినది. ప్రభుత్వము కొన్ని సర్దుబాట్లు చేసినను మూలసూత్రమును విడువలేదు. 1966లో ఆ సూత్రమే దేశమంతటికి శాసనమైనది. 1984లో కెనడా ఆరోగ్య చట్టము దానిని మరింత గట్టి చేసినది. ఎక్కడ నున్నను, ఎవరైనను, జేబు చూడక వైద్యము అందవలెననునది దాని సారము. 2004లో కెనడా రేడియో, టెలివిజన్ సంస్థ తమ దేశపు మహాపురుషుడెవరని ప్రజలను అడుగగా, వారు ఎన్నుకొన్నది టామీ డగ్లస్‌ను.

మన వద్దను ఇట్టి అడుగు పడకపోలేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ, పేదవాడు పెద్ద జబ్బు చేసినప్పుడు పొలము అమ్ముకొనకుండ కాపాడుటకు పుట్టినదే. ఉద్దానములో రక్తశుద్ధి, అనగా డయాలసిస్, ఉచితముగా జరుగుచున్నది. ఒకప్పుడు ఆ చికిత్సకై విశాఖపట్టణము పోవలసి వచ్చినవారు నేడు పలాసలోనో, సోంపేటలోనో పొందగలుగుచున్నారు. 2019లో డయాలసిస్ రోగుల నెలసరి పింఛను 10,000 రూపాయలైనది. అదే సంవత్సరము సెప్టెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రికి, కిడ్నీ పరిశోధన కేంద్రమునకు, ఉద్దానమునకు మంచినీటి పథకమునకు శంకుస్థాపన జరిగినది. 2023 డిసెంబరు 14న అవి ప్రారంభమైనవి. నీటి పథకమునకు సుమారు 700 కోట్ల రూపాయల వ్యయము. హిరమండలము వద్ద వంశధార జలాశయము నుండి నీటిని గొట్టముల ద్వారా తెచ్చి, శుద్ధి చేసి, పలాస, ఇచ్ఛాపురము నియోజకవర్గములలోని 807 గ్రామములకు ఇచ్చుట దాని సంకల్పము.

ఇది చిన్న పని కాదు. ఏ పార్టీ ప్రభుత్వము చేసినదను లెక్క మాకు అవసరము లేదు. ఒక పక్షము పింఛను మొదలుపెట్టినది, ఒక పక్షము పెంచినది. ఒక పక్షము శుద్ధజల యంత్రములు పెట్టినది, ఒక పక్షము ఏటి నీరు తెచ్చినది. ప్రజలు అరచినందున అందరును కదలినారు.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. ఆసుపత్రి వచ్చినది, నీరు వచ్చినది, పింఛను వచ్చినది. ఇక సామాజిక న్యాయము పూర్తియైనట్లేనా? దీనికి జవాబును కెనడాయే చెప్పగలదు. ఆ దేశపు రెండవ ముఖము చూడవలెను.

ఉచిత వైద్యమునకు పేరుపడిన ఆ దేశములోనే, అమెరికా ఖండపు ఆదివాసులు నివసించు కొన్ని గ్రామములలో సురక్షితమైన త్రాగునీరు లేదు. మంచినీటి సరస్సులు లెక్కకు మిక్కిలిగా గల దేశములో ఈ మాట నమ్మశక్యము కాదు. కాని నిజము. నీటిని కాచక త్రాగరాదను ప్రభుత్వపు హెచ్చరిక, ఒంటారియో రాష్ట్రములోని నెస్కంటగ అను గ్రామమున 1995లో విధింపబడినది. ఆనాడు పుట్టిన బిడ్డలు పెరిగి, తాము బిడ్డలను కన్నప్పుడును ఆ హెచ్చరిక తొలగలేదు. 2015లో నూటికి పైగా ఆదివాసి ప్రాంతములలో ఇట్టి దీర్ఘకాల హెచ్చరికలు అమలులో ఉండెను. వానినన్నిటిని 2021 మార్చి లోపల తొలగింతుమని కేంద్ర ప్రభుత్వము మాట ఇచ్చినది. చాల తొలగినవి. కాని గడువు తీరునాటికి ఇంకను పదుల సంఖ్యలో మిగిలియుండెను. 2021లోనే ఆదివాసులు న్యాయస్థానముల ద్వారా 8 వందల కోట్ల డాలర్ల విలువగల రాజీని సాధించుకొన్నారు.

అంతకన్న బాధాకరమైనది గ్రాసీ నారోస్ కథ. అదియు ఒంటారియోలోనిదే. డ్రైడెన్ పట్టణములోని కాగితపు మిల్లుకు అనుబంధమైన కర్మాగారము 1962 మొదలు 1970 వరకు సుమారు 9 టన్నుల పాదరసమును నదిలో వదలినది. ఆ నదిలోని చేపలే దిగువ గ్రామముల ఆదివాసులకు అన్నము, కూలి కూడ. చేపల వలన పాదరసము మనుష్యులలో చేరినది. చేతులు వణకుట, చూపు తగ్గుట, నడక తప్పుట మొదలైనవి. జపానులోని మినమాటలో ఇట్టి వ్యాధినే చూచిన వైద్యులు 1975లో అక్కడికి వచ్చి పరీక్షించి, ఇది అదేయని చెప్పినారు. అచ్చట కారణము తెలిసినది. దోషి ఎవరో తెలిసినది. అయినను ఆ రోగులకు ప్రత్యేక చికిత్సాలయము కట్టింతుమని కేంద్ర ప్రభుత్వము మాట ఇచ్చుటకు 2017 రావలసి వచ్చినది. ఒప్పందము జరుగుటకు 2020 రావలసి వచ్చినది.

శ్రోతలు ఈ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. ఉద్దానములో కారణము తెలియలేదు, అందుచేత ఆలస్యమైనదని అధికారులు అందురు. గ్రాసీ నారోస్‌లో కారణము తెలిసియు ఆలస్యమైనది. అనగా ఆలస్యమునకు మూలము అజ్ఞానమొక్కటియే కాదు. బాధపడువాడు రాజధానికి దూరముగా ఉండుట, అతని గొంతు చిన్నదగుట, అతడు పేదవాడగుట కూడ కారణములే. ఇది కెనడాకును నిజము, శ్రీకాకుళమునకును నిజము.

కారణము తెలియుటకు ఎంతకాలము పట్టునో చరిత్ర చెప్పగలదు. బల్గేరియా, యుగోస్లావియా ప్రాంతములలో డాన్యూబు ఉపనదుల ఒడ్డున ఇట్టి మూత్రపిండ వ్యాధియే 1950ల నాటికి వైద్యుల దృష్టికి వచ్చినది. నీరనిరి, లోహములనిరి, బూజనిరి. అర్ధశతాబ్దము గడచిన పిదప, 2007లో, గోధుమ చేలలో మొలచు ఒక కలుపుమొక్క గింజలు పిండిలో కలియుటయే హేతువని నిశ్చయమునకు వచ్చినారు. శ్రీలంకలో ఉత్తర మధ్య రాష్ట్రమున, మధ్య అమెరికాలో చెరకు కోయు కూలీలలో, ఉద్దానపు వ్యాధి వంటిదే నేటికిని కలదు. ఉద్దానములో నీటిలోని సిలికాను అనుమానించినారు. భారలోహములను, పురుగుమందులను, ఒంటినొప్పులకు వాడు మాత్రలను, ఎండలో చెమటోడ్చి నీరు త్రాగక పనిచేయుటను, వంశలక్షణమును అనుమానించినారు. వీనిలో ఏ ఒక్కటియు ఏకైక కారణముగా రుజువు కాలేదు. బహుశః కొన్ని కలిసి పనిచేయుచున్నవేమో.

ఇక్కడ మేము నిర్మొగమాటముగా ఒక మాట చెప్పవలెను. నీటి పథకము వచ్చినందున రోగము మాయమగునని ఎవరును హామీ ఇవ్వలేరు. నీరే కారణమని తేలలేదు గనుక. రేపు పదేండ్లకు రోగము తగ్గనిచో, చూచితిరా, 700 కోట్లు వృథా అయినవని వాదించువారు బయలుదేరుదురు. ఆ వాదమునకు ఇప్పుడే జవాబు చెప్పియుంచుట మంచిది. మంచినీరు మందు కాదు, హక్కు. రోగము తగ్గించినచో సంతోషమే. తగ్గింపకున్నను ఉద్దానపు బిడ్డకు మంచినీరు ఇవ్వవలసినదే. విశాఖపట్టణములో కుళాయి పెట్టునప్పుడు దీని వలన ఏ రోగము తగ్గునని ఎవరైనను అడిగినారా? పట్టణమునకు అడుగని రుజువు పల్లెకు అడుగుట న్యాయము కాదు.

మరి నేడు చేయవలసినదేమి? కెనడా నుండియే ఒక నియమమును అరువు తెచ్చుకొందము. మానిటోబా రాష్ట్రములో 1999లో ఒక ఆదివాసి శిశువు క్లిష్టమైన అనారోగ్యముతో పుట్టినాడు. పేరు జోర్డాన్. రెండేండ్లకు వైద్యులు ఇతనిని ఇంటికి పంపవచ్చునన్నారు. ఇంటి వద్ద సంరక్షణకగు ఖర్చు కేంద్ర ప్రభుత్వము భరింపవలెనా, రాష్ట్ర ప్రభుత్వము భరింపవలెనా అను తగవు వచ్చినది. కాగితములు తిరిగినవి. రెండేండ్లకు పైగా తిరిగినవి. 2005లో ఆ బాలుడు తన ఐదవ యేట ఆసుపత్రిలోనే కన్నుమూసినాడు. ఒక్కరాత్రియైనను ఇంట పడుకొనలేదు. ఆ దేశపు పార్లమెంటు సిగ్గుపడినది. 2007లో ఏకగ్రీవముగా ఒక తీర్మానము చేసినది. బిడ్డకు సేవ అవసరమైనప్పుడు ఏ ప్రభుత్వమును ముందు అడిగినారో ఆ ప్రభుత్వమే ముందు ఖర్చు పెట్టవలెను. ఎవరి వాటా యెంతయని తగవు తరువాత తీర్చుకొనవలెను. దీనిని జోర్డాన్ నియమమందురు. తీర్మానమైన తరువాతను దానిని అమలు చేయించుటకు ఆదివాసులు న్యాయపీఠముల చుట్టు తిరుగవలసి వచ్చినదనుట వేరే సంగతి. నియమము మాత్రము బంగారము వంటిది.

ఉద్దానమున ఈ నియమము ఎంత అవసరమో ఒక రోగి దినచర్య చూచిన తెలియును. వారమునకు రెండు మూడు మార్లు, మారునకు సుమారు నాలుగు గంటలు యంత్రము ప్రక్కన పడుకొనవలెను. పల్లె నుండి కేంద్రమునకు ఆటో కిరాయి. వెంట భార్యయో, కుమారుడో. వారి కూలి ఆనాటికి పోయినట్లే. చికిత్స ఉచితము, దారి ఉచితము కాదు. పింఛనుకు ఒక ధ్రువపత్రము, మందులకు ఒకటి, పరీక్షలకు ఒకటి. ఒక కార్యాలయము ఇది మాది కాదనును, మరొకటి పై నుండి రావలెననును. రోగి శరీరములో విషము మాత్రము ఆగదు. ముందు సేవ, తరువాత లెక్క అను నియమము ప్రతి కార్యాలయపు గోడపై వ్రాయదగినది.

మరొక సంగతి చాలమందికి తెలియదు. ఒక్కమారు డయాలసిస్ చేయుటకు సుమారు 120 లీటర్ల అతి శుద్ధమైన నీరు కావలెను. త్రాగుటకు నీరు కరవైన సీమలో చికిత్సయే ఇంత నీటిని త్రాగును. వ్యాధి ముదిరిన పిదప యంత్రములు పెంచుట కన్న, ముదరకముందే కనిపెట్టుట ఎంత మేలో దీనిని బట్టి ఊహింపవచ్చును. ఈ వ్యాధి దొంగ వంటిది. మూత్రపిండము చాలవరకు చెడువరకు నొప్పి ఉండదు, జ్వరము ఉండదు. రక్తములో క్రియాటినిన్ పరీక్ష దాని జాడ తెలుపును. కనుక ఉద్దానములో పెద్దవారందరికి ఏటేట ఈ పరీక్ష ఇంటి గడప వద్దనే జరుగవలెను. ఫలితము వారి చేతికి తెలుగులో రావలెను. పరిశోధకులు ఎందరో వచ్చి రక్తము తీసికొని పోయినారు. మాకేమి తెలిపినారని పల్లెవాడు అడిగినచో దానికి జవాబు ఉండవలెను. ఇది భిక్ష కాదు, అతని రక్తమునకు అతనికి రావలసిన లెక్క.

పనిచేయుచోట నీడ, నీరు, విశ్రాంతి కూడ ఇదే కోవలోనివి. మధ్య అమెరికా చెరకు తోటలలో కూలీలకు గంటగంటకు నీరు, మధ్యమధ్య నీడపట్టున విశ్రాంతి ఏర్పాటు చేసి చూచినారు. ఖర్చు స్వల్పము. మన జీడితోటలకు, కొబ్బరితోటలకు అది తగును. పలాస కాశీబుగ్గ జీడి కర్మాగారములలో పిక్కలు కొట్టు స్త్రీల చేతులు జీడి నూనెతో నల్లబడియుండును. వారి పప్పు దేశమంతటను విందులలో మెరయును. ఆ చేతులవారికి ఏటికొక రక్తపరీక్ష చేయించుట యజమానులకును, ప్రభుత్వమునకును భారము కాదు.

నీటి పథకము విషయమున రెండు మాటలు. గొట్టము వేయుట ఒక యెత్తు, దానిలో ప్రతిదినము నీరు వచ్చుట మరియొక యెత్తు. పంపు చెడినను, కరెంటు పోయినను, చివరి గ్రామమునకు నీరు అందకపోయినను ఎవరిని అడుగవలెనో గ్రామస్థునికి తెలిసియుండవలెను. నీటి పరీక్ష ఫలితము పంచాయతీ గోడపై నెలనెల కనుపింపవలెను. రెండవది, ఈ నీరు ఉత్తినే రాలేదు. హిరమండలము జలాశయము క్రింద ఊళ్లు మునిగినవి. తమ ఇండ్లు, పొలములు, గుడులు వదలి వెళ్లినవారు ఉన్నారు. ఉద్దానపు బిందెలో వారి త్యాగము ఉన్నది. వారికి రావలసినది వారికి పూర్తిగా ముట్టవలెనని ఉద్దానమువారే ముందుగా అడుగుట న్యాయము.

ఉద్దానమువారికి అడుగుట కొత్త కాదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగినది పలాసలోనే. అధ్యక్షులు కావలసిన రాహుల్ సాంకృత్యాయన్ నిర్బంధములో నుండగా, ఆ బాధ్యత బాబా సోహన్ సింగ్ భక్నాకు సంక్రమించినది. భక్నా ఎవరు? 1913లో అమెరికా పశ్చిమతీరమున వెలసిన గదర్ పార్టీకి తొలి అధ్యక్షుడు. ఆ మరుసటి యేడు, 1914లో, కోమగాట మారు అను ఓడలో 376 మంది భారతీయులు కెనడాలోని వాంకూవర్ రేవు చేరగా, కొద్దిమందిని తప్ప ఎవరిని దిగనీయలేదు. రెండు నెలలు నీటిపై నిలిపి వెనుకకు త్రిప్పినారు. ఆ ఓడను ఆపిన నిబంధనలలో భారతీయులు రారాదను మాట లేదు. స్వదేశము నుండి ఎక్కడను ఆగక ఒకే ప్రయాణములో రావలెనని ఉండెను. ఆనాడు భారతదేశము నుండి అట్టి ఓడయే లేదు. పేరు చెప్పకయే ఒకరిని వెలివేయుట విధాన రచనలో పాత విద్య. కెనడా ప్రధానమంత్రి 2016లో పార్లమెంటులో దానికి క్షమాపణ చెప్పినాడు. 102 సంవత్సరములకు!

ఆ మహాసభ జరిగిన కొద్ది దినములకే, 1940 ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురములో రైతులపై పోలీసు కాల్పులు జరిగినవి. అడవిలో కట్టె కొట్టుకొను హక్కు వారి కోరిక. వంటచెరకు, నాగలికొయ్య! ఆ కాల్పులలో గర్భవతి యైన గున్నమ్మ నేలకొరిగినది. ఆమెను నేటికిని వీర గున్నమ్మ యందురు. ఆ తరమున బారువ గ్రామవాసి గౌతు లచ్చన్న వంటి నాయకులు ఈ తీరపు రైతును నిలబెట్టినారు. ఎనిమిదేండ్లకు జమీందారీ రద్దు శాసనము వచ్చినది. సోంపేట బీల భూములలో థర్మల్ విద్యుత్ కేంద్రము వద్దని రైతులు, మత్స్యకారులు నిలబడగా 2010 జూలై 14న మరల కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. ఆనాడే పర్యావరణ అనుమతి రద్దయినది. మరుసటి యేడు టెక్కలి వైపున కాకరాపల్లిలో మరల అదే శోకము. ప్రతిమారు అడిగినది ఒక్కటియే. మా నీరు, మా నేల, మా చెట్టు. ప్రతిమారు ప్రభుత్వము విన్నది, కాని ప్రాణములు పోయిన పిదప విన్నది.

కెనడా మనకు నేర్పునది ఇదే. మంచి శాసనము ఒకటి చేసినందున దేశము న్యాయదేశము కాదు. ఆ శాసనము చివరి గ్రామము వరకు నడచినదా యని చూడవలెను. డగ్లస్ పుట్టించిన వైద్యబీమా ఎంత గొప్పదో, నెస్కంటగ నీరు అంత పెద్ద ప్రశ్న. పలాసలో లేచిన ఆసుపత్రి ఎంత గొప్పదో, తీరపు చివరి పల్లెలో రాని కుళాయి అంత పెద్ద ప్రశ్న.

ముగించుటకు ముందు ఉద్దానపు శ్రోతలకు మా విన్నపము. ఒంటినొప్పికి అంగడిలో మాత్ర కొని మ్రింగకుడు. ఆ మాత్రలలో కొన్ని మూత్రపిండమునకు శత్రువులు. ఎండలో పనికి పోవునప్పుడు నీటి సీసా మరువకుడు. ఏటికొకమారు రక్తపరీక్ష చేయించుకొనుడు. ఇవి మీరు చేయదగినవి. గ్రామసభ జరిగినప్పుడు మీ కుళాయి నీటి పరీక్ష ఫలితము చదివి వినిపింపుమని అడుగుడు. అది ప్రభుత్వము చేయవలసినది. ఈ రెంటిని కలగాపులగము చేయకుడు. మేము ఒకప్పుడు చేసితిమి.

బావి గట్టున మమ్ము ప్రశ్నించిన ఆ ముసలమ్మ ఇప్పుడెట్లున్నదో చూచి రావలెనని మేము మరల ఆ పల్లెకు పోయినాము. వీథి కుళాయి వద్ద బిందె పెట్టి కూర్చున్నది. నీరు వచ్చుచున్నదా అమ్మా అని అడిగితిమి. "నిన్న వచ్చింది బావూ. ఈ వేళ ఇంకా రాలేదు. వస్తాదేమో" అన్నది. ఆ బిందె నిండిన దినముననే ఈ ప్రసంగము పూర్తియైనట్లు మేము భావింతుము.